కాగితం తిప్పి చూసే మనిషి

శంషాబాద్ బస్టాండు మలుపులో కరెంటు స్తంభానికి ఆయన ఫ్లెక్సీ కట్టారు. ఆధార్ కార్డులోని ఫొటోను మనిషంత పెద్దది చేశారు. కింద మూరెడు అక్షరాలతో ఆయన పేరు. పేరు కింద ‘శ్రద్ధాంజలి’. దాని కింద ఆ ఫ్లెక్సీ కట్టించిన వారి ఫొటోలు పదకొండు. పదకొండూ నవ్వుతున్నవే. ఆటో దిగి, ఆ మలుపులో నిలబడి చూస్తుంటే నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. తన పేరు ఎక్కడైనా రాసి కనబడితే, దాన్ని తిప్పి వెనక ఏముందో చూడనిదే ఊరుకోని మనిషి ఆయన. అందుకని నేనూ ఆ ఫ్లెక్సీ వెనక్కి వెళ్లి చూశాను. దాని వీపుకు ఆనించి, విమానాశ్రయానికి పది నిమిషాల దూరంలో ప్లాట్లు అమ్మబడునన్న ప్రకటన కట్టి ఉంది.

ఆయన పేరు నేను ఇక్కడ రాయను.

సాతంరాయి ఉన్నత పాఠశాలలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పి, అక్కడే ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాణ్ణి నేను. ఇప్పుడు ఒక జూనియర్ కళాశాలలో, పెద్ద విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేసుకునే పిల్లల కాగితాల పని చూస్తున్నాను. క్రమం నాకు ఇష్టం. ఫైలులో ఏ కాగితం తర్వాత ఏది ఉండాలో అదే ఉండాలి. గడువుకు మూడు రోజుల ముందే పని ముగియాలి. ఈ గుణాన్ని నేను జీవితమంతా సద్గుణమనే అనుకున్నాను. ఆ పెద్దాయన మాత్రం దాన్ని ఎప్పుడూ ఒక రకమైన అనుమానంతో చూసేవాడు.

ఏ కాగితం ఇచ్చినా ఆయన ముందు వైపు చూసేవాడు కాదు. రెండు చేతులతో అందుకొని, తిప్పి, వెనక వైపు చూసేవాడు. అది పెళ్లి పత్రిక కావచ్చు, దవాఖానలో రాసిచ్చిన చీటీ కావచ్చు, కరెంటు బిల్లు కావచ్చు. ఒకసారి నేను పాఠశాల వార్షికోత్సవానికి ఆహ్వానం ఇస్తే దాన్నీ తిప్పాడు. వెనక ఖాళీగా ఉంది. “ఏం లేదు. వస్త తీ సారు,” అన్నాడు. పక్కనున్న ఉపాధ్యాయులు నవ్వారు. నాకు మాత్రం ఆ ఆహ్వానాన్ని అవమానించినట్టు అనిపించింది.

ఇంకొక అలవాటు. తల మీదుగా విమానం పోతుంటే ఆయన మాట మధ్యలో ఆపేసేవాడు. అరచెయ్యి ఎదుటివాడి వైపు ఎత్తి, అది దాటిపోయేదాకా కదలకుండా కూర్చునేవాడు. మోత తగ్గిన తర్వాత, సరిగ్గా ఆగిన మాట దగ్గర్నుంచే అందుకునేవాడు. నేను తరగతి గదిలో విమానాల మీద గొంతెత్తి పాఠం చెప్పడం ఆయన కిటికీ లోంచి చూశాడట. “గా ఇమానంతోని కొట్లాడుతవెందుకు సారు? అది పోతది. నీ మాట ఏడికి పోతది? ఈడనే ఉంటది గద,” అన్నాడు. ఒక ప్రధానోపాధ్యాయుడికి పాఠం చెప్పే పద్ధతి నేర్పబోయిన రైతు మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

ఒకప్పుడు ఆయనకు ద్రాక్షతోట ఉండేది. ఈ చుట్టుపక్కల అంగూరు తోటలు ఎక్కువగా ఉన్న రోజులవి. రాతి కడీలు పాతి, తీగలు లాగి, పైన పందిరి. మధ్యలో బావి. గుత్తిలో పై పండు నోట్లో వేసుకొని బేరం మొదలుపెట్టే వ్యాపారిని ఆయన తోటలో నిలబడనిచ్చేవాడు కాదు. గుత్తి చివర వేలాడే పండు అన్నిటికన్నా ఆలస్యంగా తియ్యనవుతుంది. ఆయన వంగి, ఆ చివరి పండు ఒక్కటే తెంపి, కళ్లు మూసుకొని నమిలేవాడు. “పైది మస్తు చెప్తది. కిందిది చెప్పాలె,” అనేవాడు. కిందిది చెప్పేదాకా కత్తెర ముట్టేవాడు కాదు.

ఇంత నిదానస్థుడు తన తోటను ఎట్లా పోగొట్టుకున్నాడో చెప్పాలి. ఇరవై ఏళ్ల కిందట ఊరి పక్కనుంచి ఒక కొత్త దారి వేస్తామని భూమి అడిగారు. అంగీకార పత్రాలు వచ్చాయి. పంచాయతీ అరుగు మీద కుర్చీ వేయించుకొని, రెండు రోజుల పాటు ఆ పత్రాలను ఊరివారికి చదివి వినిపించినవాణ్ణి నేనే. ప్రభుత్వ కార్యం కనుక ముందుగా సంతకం చేయడం మర్యాద అని కూడా చెప్పాను. అందరికన్నా ముందు సంతకం చేసినవాడు ఆయన. పత్రం వెనక పేజీలో, భూమి మీద ఉన్న కట్టడాలకూ బావికీ వేరుగా ఏమీ కోరబోమన్న ఒక వాక్యం ఉంది. తర్వాతి రోజుల్లో సంతకం చేయవలసినవారిలో ఎవరో ఆ వాక్యం చూసి గొడవ చేసి కొట్టేయించుకున్నారు. తక్కినవారూ అదే చేశారు. ఆయన సంతకం చేసిన పత్రం అప్పటికే వెళ్లిపోయింది. బావి పోయింది, కడీలు పోయాయి. మిగిలిన భూమి చెక్కలో నీళ్లు లేక తీగలు ఎండిపోయాయి.

ఆయన తొందర పడ్డాడు. ఇంతే నాకు గుర్తు. ఆ సంగతిని నేను చాలా ఏళ్లు పదో తరగతి పిల్లలకు ఉదాహరణగా చెప్పాను. పేరు చెప్పకుండా, మన ఊళ్లోనే ఒక రైతు వెనక పేజీ చూడకుండా సంతకం చేసి బావి పోగొట్టుకున్నాడని. పిల్లలకు ఆ రైతు ఎవరో తెలుసు. వాళ్లు ఇళ్లకు వెళ్లి చెబుతారనీ నాకు తెలిసి ఉండాలి.

ఇక ఆ పిల్ల సంగతి. ఆయన మనవరాలు మా కళాశాలలో ఇంటర్ చదివింది. గణితంలో నేను చూసిన మంచి బుర్రల్లో ఒకటి. ఉత్తరాదిన ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో గణితం చదవాలని ఆమె కోరిక. వందల మంది అడిగితే ఏ కొద్దిమందికో సీటు ఇచ్చే చోటు అది. అక్కడ దరఖాస్తులు రెండు విడతలు. మొదటి విడతలో పెట్టుకున్నవారికి అవకాశం కాస్త మెరుగు, ఫీజు రాయితీలు కూడా ఎక్కువగా ఆ విడతలోనే తేలిపోతాయి. కానీ దానికి ఒక కట్టుబాటు ఉంది. సీటు ఇస్తే చేరి తీరాలి, మిగతా చోట్ల పెట్టినవన్నీ వెనక్కి తీసుకోవాలి. అందుకు విద్యార్థి, తండ్రి, కళాశాల తరఫున ఒకరు, ముగ్గురూ సంతకాలు చేసిన పత్రం పంపాలి.

పిల్ల తండ్రి విమానాశ్రయం దగ్గర కారు నడుపుతాడు. మంచి మనిషి. కానీ ఆ ఇంట్లో ఏ కాగితమైనా పెద్దాయన తిప్పి చూడనిదే ముందుకు కదలదు. నెల రోజులు ఆయన ‘చూద్దాం’ అన్నాడు. పోయిన ఏడాది నవంబరులో, మొదటి విడతకు ఆఖరి రోజున, గడువు సాయంత్రం ఐదింటికి ఉందనగా, మధ్యాహ్నం రెండింటికి నేనే ఫైలు తీసుకొని వాళ్లింటికి వెళ్లాను. సంతకాలు చేయవలసిన చోట రంగు చీటీలు అతికించాను. సమయం కలిసివస్తుందని నా సంతకం ఇంటి దగ్గరే చేసి పెట్టుకున్నాను.

“కూసో సారు. ఛాయ్ తాగుతవా?” అన్నాడు పెద్దాయన.

“సంతకాలు అయ్యాక తాగుతాను పటేలా.”

“గట్లయితే ఛాయ్‌కి జర ఆలస్యమైతది మరి.”

తండ్రి గడప మీద కూర్చొని కారు తాళంచెవి తిప్పుతున్నాడు. పిల్ల తాత పక్కన నిలబడింది. ఆయన పత్రం అందుకొని, ఎప్పటిలాగే ముందు తిప్పి చూశాడు. వెనక ఖాళీ. మళ్లీ ఇటు తిప్పి, ఆమె వేలు పట్టుకొని రంగు చీటీ మీద పెట్టించాడు.

“ఈడ ఎవరిది బిడ్డా?”

“నాది తాతా.”

“ఈడ?”

“బాపుది.”

“మరి గీ కింద ఎవరో పెట్టే ఉన్నరే?”

“అది సార్‌ది.”

“దాని మీద ఏమని రాసున్నది?”

పత్రం ఇంగ్లీషులో ఉంది. ఆమె నా ముఖం వైపు ఒకసారి చూసి, తెలుగులో చెప్పింది. “షరతులన్నీ ఇంటోళ్లకు తెలిసేటట్టు చెప్పిన అని.”

ఆయన నిజంగానే నవ్వాడు. “ఎప్పుడు చెప్పినవ్ సారు? నేను నిద్రల ఉన్ననా?”

“ఇప్పుడు చెప్పడానికే వచ్చాను. అది లాంఛనం. ముందే చేసి పెట్టుకున్నాను.”

“నాకు తెల్వదు సారు గా మాట. చెప్పిన అంటే చెప్పినట్టే గద? సరే, ఇప్పుడన్న చెప్పు. సీటిస్తరు. ఫీజు ఎంత తక్కువ జేస్తరో ముందుగాల చెప్తరా?”

“సీటుతో పాటే చెబుతారు.”

“అది మాకు సాలకపోతే? వద్దనొచ్చునా? పోవాల్సిందేనా?”

నాకు తెలియదు. ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. “అలా జరగదు,” అన్నాను.

“జరగదని ఏడన్న రాసున్న…”

విమానం వచ్చింది. ఆయన అరచెయ్యి ఎత్తాడు.

ఆ మోత ఎంతసేపు ఉందో నేను చెప్పలేను. కానీ ఒక మనిషి తన తప్పు తెలుసుకోవడానికి అది చాలినంత సమయం. గడువుకు ఇంకా రెండున్నర గంటలు ఉంది. పత్రం మీద ఆ విశ్వవిద్యాలయం ఫోను నంబరు ఉంది. ‘నాకు తెలియదు, అడిగి చెబుతాను’ అని నాలుగు మాటలు అంటే సరిపోయేది. ఆ వ్యవధిలో నేను కోపాన్ని మాత్రమే పోగుచేసుకున్నాను.

“…దా?” అన్నాడు ఆయన, చెయ్యి దించి.

“మీ తొందరతో మీరు బావి పోగొట్టుకున్నారు,” అన్నాను నేను. “ఆ భయాన్ని ఇరవై ఏళ్లుగా మోసి, ఇప్పుడు తెచ్చి ఈ పిల్ల నెత్తిన పెడుతున్నారు. మీకు చదువు విలువ తెలియదు. తెలిసినవాళ్లు చెబితే వినే వినయం లేదు.”

పిల్ల తండ్రి తాళంచెవి తిప్పడం ఆపాడు. పెద్దాయన ముఖంలో కోపం రాలేదు. ఆయన చాలా శ్రద్ధగా, నేను అతికించిన చీటీలు నలగకుండా పత్రాన్ని ఫైలులో పెట్టి నాకు అందించాడు.

“అవ్ సారు. తొందర నాదే. గప్పుడు చదివి చెప్పినోళ్లు గూడ మంచోళ్లే. ఛాయ్ తాగిపో.”

తాగలేదు. గేటు దాటుతుంటే పిల్ల వెనక వచ్చింది. ఏడవడం లేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

“సార్, ఫోన్ జేసి అడుగుదామని మూడుసార్లు నోరు తెరిచిన. మీరు మాట్లాడనియ్యలే, తాత మాట్లాడనియ్యలే. మీ ఇద్దరి పంచాయతిల నా తారీఖు పోతున్నది.”

నేను ఐదింటి దాకా ఎక్కడికీ ఫోను చేయలేదు. నా మాట కాదన్నందుకు వాళ్లే అనుభవిస్తారని అనుకున్నాను. నేను ముప్పై ఏళ్లకు పైగా పిల్లల మధ్య బతికిన మనిషిని. ఆ సాయంత్రం అలా అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత మాత్రం విశ్వవిద్యాలయానికి మెయిల్‌లో ఒక ఉత్తరం రాశాను. మర్నాడే జవాబు వచ్చింది. రాయితీ చాలకపోతే కుటుంబం ఆ సంగతి రాసి పంపవచ్చు. కట్టుబాటు నుంచి విడుదల చేస్తాం. ఐదు పంక్తుల జవాబు. దాన్ని అచ్చు తీసుకొని గెలిచినవాడిలా వాళ్లింటికి వెళ్లాను. ఆయన కాగితం తిప్పి చూశాడు. ఆ తర్వాత మనవరాలితో చదివించుకొని, “మంచిగనే రాసిండ్రు,” అన్నాడు. “గీ ముక్క ఆ దినం మన చేతుల ఉంటే పని అయిపోతుండె గద సారు.”

ఆ ‘మన’ అన్న మాటకు నాకు ఒళ్లు మండిపోయింది. మళ్లీ ఆ ఇంటికి వెళ్లలేదు.

పిల్ల రెండో విడతలో దరఖాస్తు పెట్టింది. ఎదురుచూసేవారి జాబితాలో పేరు వచ్చింది. ఆ జాబితా ఆమె దాకా కదలలేదు. నగరంలో ఒక డిగ్రీ కళాశాలలో చేరింది. పొద్దున్నే సాతంరాయి దగ్గర బస్సు పట్టుకొని నిలబడి ప్రయాణం చేసేది. నేను ఆటోలో ఎదురైతే తలవంచి నమస్కారం పెట్టేది. ఆ నమస్కారంలో ఏ లోపమూ ఉండేది కాదు.

ఈ శ్రావణంలో పెద్దాయన జ్వరంతో పోయాడు. నేను దహనానికి వెళ్లాను, దూరంగా నిలబడ్డాను. పదకొండో దినం దాటాక ఒక రోజు ఆ పిల్ల కళాశాలలో నా గదికి వచ్చింది. బల్ల మీద రెండు కాగితాలు పెట్టింది. ఒకటి కొత్తది. ఇంకొకటి మడతల దగ్గర చిరిగిపోయిన పాతది.

“తాత పెట్టెల దొరికింది సార్.”

నాటి అంగీకార పత్రం నకలు. వెనక వైపు పైకి ఉండేలా పెట్టింది. బావి, కట్టడాల గురించిన వాక్యం ఉంది. దాని కింద ఆయన సంతకం, వంకరగా, పంక్తి దాటి. సంతకం కింద, ఏ వంకరా లేని దస్తూరీతో ఇంకొక వాక్యం: ‘ఇందలి విషయములన్నియు చదివి వినిపించితిని.’ దాని కింద నా సంతకం. పాఠశాల ముద్ర కూడా వేశాను.

వెనక పేజీ మీద నేను సంతకం చేశాను. ఆ పేజీ మీద చెయ్యి ఆనించి రాశాను. ముందు పేజీ ఒక్కటే వినిపించాను; దీన్ని చదవలేదు. రోజుకు ఎన్ని పత్రాలు పూర్తి చేశానన్నదే నాకు ఆ రోజు ముఖ్యం. ఆయన సంతకం చేసే వేళకు నా వాక్యం అక్కడ ముందే ఉండి ఉంటుంది. నా పద్ధతి నాకు తెలుసు కదా. ఆయన ఆ వాక్యాన్ని నమ్మి దాని పైన పేరు పెట్టాడు. నేను ఆ తర్వాత ఆయన తొందరను పిల్లలకు పాఠంగా చెప్పాను.

“ఆయన నీతో ఏమైనా అన్నాడా?” అని అడిగాను.

“అనలే. ఎవరితోని అనలే. మా బాపుకు గూడ తెల్వదు. నేనే చదువుకున్న.” ఆమె కొత్త కాగితం నా ముందుకు జరిపింది. “ఈ ఏడు మల్ల మొదటి విడతలనే పెడుతున్న సార్. ఫీజు సంగతి నేనే రాసి అడిగిన. ఇప్పుడు గూడ అదే మాట చెప్పిండ్రు. మీ సంతకం కావాలె. ఇయ్యాల వద్దు. ఇంటికి తీస్కపోయి మొత్తం చదువుండ్రి. రేపొచ్చి మా బాపుకు చెప్పుండ్రి. చెప్పినంక పెట్టుండ్రి.”

జీవితమంతా ఇతరులకు ఇంటిపని ఇచ్చినవాడికి పద్దెనిమిదేళ్ల పిల్ల ఇంటిపని ఇచ్చింది. ముఖం ఎర్రబడినా, ఫైలు తీసుకొని వెళ్లాను.

ఆ సాయంత్రం వసారాలో కూర్చొని చదివాను. పత్రం ఒక్క పేజీయే; వెనక ఖాళీ. కానీ అందులో ‘పూర్తి షరతుల కోసం’ అంటూ ఒక చిరునామా ఉంది. నిరుడు నేను దాన్ని తెరవలేదు. తెరిచి అచ్చు తీస్తే పదకొండు పేజీలు. ఈ కాలపు కాగితాలకు వెనక వైపు ఇంకెక్కడో ఉంటుందన్నమాట. తొమ్మిదో పేజీలో ఒక వాక్యం దొరికింది: రాయితీ మొదటి సంవత్సరానికి మాత్రమే, ఆపైన ప్రతి ఏడూ మార్కులు చూసి తిరిగి నిర్ణయిస్తారు.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి వాళ్లింట్లో కూర్చొని, పిల్ల తండ్రికి పదకొండు పేజీలూ తెలుగులో చెప్పాను. మధ్యలో విమానం వచ్చింది. నేను గొంతు పెంచలేదు. ఆగాను. అది దాటిపోయాక ఆగిన మాట దగ్గర్నుంచే అందుకున్నాను. పిల్ల నన్ను చూసి తల దించుకుంది. తొమ్మిదో పేజీ దగ్గర తండ్రి కాస్త కంగారు పడ్డాడు. “అంటే ఏటేటా గీ పరేషానేనా సార్?”

“అవును. ఏటేటా,” అన్నాను. మెత్తగా చెప్పలేదు.

పిల్ల చాలాసేపు ఆలోచించింది. ఎవరూ తొందర పెట్టలేదు. “మార్కులైతే నా చేతుల ఉన్నయ్ బాపు. పెడదాం,” అంది. ఆమె పెట్టింది. తండ్రి పెట్టాడు. నా వరుస వచ్చినప్పుడు, అచ్చులో ఉన్న ఇంగ్లీషు వాక్యం కింద ‘చదివి వినిపించాను’ అని తెలుగులో రాసి, అప్పుడు సంతకం చేశాను.

ఛాయ్ తెచ్చారు. తాగాను.

సీటు సంగతి ఇంకా తెలియదు. ఆయన మీద నా కోపం మాత్రం తగ్గలేదు, తగ్గుతుందని అనుకోను. ఇరవై ఏళ్లు ఆయన నా ఎదుట ప్రతి కాగితాన్నీ తిప్పి చూశాడు. నేను పిల్లల ముందు ఆయన తొందరను ఎంచుతుంటే ఊరుకున్నాడు. నాకు ఛాయ్ పోయించాడు. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ‘గా దినం చదివింది నువ్వే సారు’ అని నా ముఖం మీద అని ఉంటే, కాగితం తిప్పడం నేను అప్పుడే నేర్చుకునేవాణ్ణి. ఆ పిల్లకు ఒక ఏడాది మిగిలేది.